డిసెంబర్ 28: ఓదార్పు ఒల్లనన్న తల్లి

2024 డిసెంబర్ 28, శనివారం. కాజీపేట వైపు మా గుడిలో పొద్దున పూజకు ఇరవై మందిమి కూడా లేము. బయట పొగమంచు, స్టేషన్ దిక్కు నుంచి రైలు కూతలు. క్రిస్మస్‌కు కట్టిన స్టార్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. పశువుల పాకలో బాలయేసు చుట్టూ పిల్లలు అంటించిన దూది మంచు అట్లాగే ఉంది. ఫాదర్ మాత్రం ఎర్రని పూజావస్త్రాల్లో వచ్చారు. ఎరుపు వేదసాక్షుల రంగు, అంటే విశ్వాసం కోసం ప్రాణం ఇచ్చినవాళ్ల రంగు. హేరోదు రాజు బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లలందరినీ చంపించిన సంగతి సువార్తలో చదివారు. చదవడం అయ్యాక నా పక్కన కూర్చున్న ఒక అక్క మెల్లగా అడిగింది: "తమ్మీ, మొన్ననే పుట్టిండని పాటలు పాడితిమి. గింతలనే ఈ సావు ముచ్చటేంది?"

నాకు జవాబు తోచలేదు. ఆ సాయంత్రం ఫోన్‌లో యూనిసెఫ్ ప్రకటన ఒకటి కనబడింది. దాని మీద తేదీ కూడా డిసెంబర్ 28. ప్రపంచంలో 47 కోట్ల 30 లక్షల మందికి పైగా పిల్లలు యుద్ధాలు, సాయుధ ఘర్షణలు నడుస్తున్న చోట్ల బతుకుతున్నారని అందులో ఉంది. ప్రతి ఆరుగురు పిల్లల్లో ఒకరి కంటే ఎక్కువ అన్నమాట. 1990లలో పిల్లల్లో పదో వంతు మాత్రమే ఇట్లాంటి చోట్ల ఉండేవాళ్లు, ఇప్పుడా వాటా దాదాపు రెట్టింపయింది. పొద్దున గుడిలో విన్నదీ, సాయంత్రం ఫోన్‌లో చదివినదీ ఒకటే ముచ్చట అనిపించింది. అప్పటి నుంచి ఆ అక్క అడిగిన దాని వెంట తిరుగుతూనే ఉన్నాను.

డిసెంబర్ 28 నిర్దోష శిశువుల పండుగ, హేరోదు చంపించిన ఆ పిల్లల్ని తలుచుకునే రోజు. మన దగ్గర ఈ పండుగ చాలామందికి తెలియదు. హన్మకొండలో 19వ శతాబ్దం చివర నుంచి ఉన్న బాప్టిస్టు సంఘాలకు గానీ, ఇప్పుడు ఊరూరా వెలసిన స్వతంత్ర సంఘాలకు గానీ పునీతుల క్యాలెండర్ అలవాటు లేదు. వాళ్లకు క్రిస్మస్ అయిపోతే డిసెంబర్ 31 రాత్రి ఆరాధనే. కతోలికులకు, ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) వారసత్వం ఉన్న సంఘాలకు మాత్రం ఇది క్యాలెండర్‌లో ఉంది. పడమటి సంఘంలో 5వ శతాబ్దం నుంచే ఉన్న పండుగ ఇది. తూర్పు ఆర్థడాక్స్ వాళ్లు 29న చేస్తారు.

క్రిస్మస్ మరునాడు మొదటి వేదసాక్షి స్తెఫాను, 27న యేసు శిష్యుడు యోహాను, 28న ఈ పసిపిల్లలు. ఈ వరుసకు పాతకాలం నుంచి ఒక వివరణ చెబుతారు. స్తెఫాను ఇష్టపడి చనిపోయాడు. యోహాను చావుకు సిద్ధపడ్డాడు గానీ చంపబడలేదు. ఈ పిల్లలు ఇష్టమో కాదో చెప్పే వయసు లేకుండానే చంపబడ్డారు. వేదసాక్షి అంటే తెలిసి, ఎంచుకుని ప్రాణం ఇచ్చినవాడు కదా, పాలుతాగే పిల్ల ఏం ఎంచుకుంటుంది? అందుకేనేమో సంఘం చాలాకాలం ఈ రోజు రంగు విషయంలో తడబడింది. 20వ శతాబ్దం నడిమి దాకా ఎరుపు కాదు, ఊదారంగు వేసేవాళ్లు. అది దుఃఖం రంగు. నన్నడిగితే ఆ పాత రంగే సరైంది. వీళ్లను వీరుల వరుసలో నిలబెడితే చంపినవాడి నేరం కాస్త మసకబారుతుంది.

అసలు ఇది జరిగిందా?

కథ మత్తయి సువార్త రెండో అధ్యాయంలో ఉంది. తూర్పు దేశపు జ్ఞానులు యూదుల రాజు ఎక్కడ పుట్టాడని అడుగుతూ వస్తారు. హేరోదుకు టెన్షన్ పట్టుకుంటుంది. జ్ఞానులు తనకు చెప్పకుండా వేరే దారిన వెళ్లిపోయారని తెలిసి, బేత్లెహేములోనూ చుట్టుపక్కలా రెండేళ్లలోపు మగపిల్లల్ని చంపమంటాడు. దానికి ముందే మరియమ్మ భర్త యోసేపు కలలో హెచ్చరిక విని, రాత్రికి రాత్రి తల్లినీ బిడ్డనూ తీసుకుని ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు, వెళ్లిపోతాడు.

మనకు ఇది వినని కథలా అనిపించదు. దేవకి కన్న బిడ్డల్ని కన్నట్టే చంపిన కంసుడి కథ వినని పిల్లలు మన దగ్గర ఉండరు. బైబిల్లోనే నిర్గమకాండంలో, మోషే పుట్టడానికి ముందు, ఐగుప్తు రాజు ఫరో హెబ్రీ మగపిల్లల్ని చంపమని మంత్రసానులకు చెబుతాడు. ఇద్దరు మంత్రసానులు, షిఫ్రా, పూయా, ఆ మాట వినరు. ఫరో పేరేంటో ఆ గ్రంథం చెప్పదు గానీ ఆ ఇద్దరు ఆడవాళ్ల పేర్లు మాత్రం రాసి పెట్టింది. గద్దె పోతుందని భయపడ్డవాడి చూపు ముందు ఊయల మీదే పడుతుందని మన పాత కథలన్నీ చెబుతూ వచ్చాయి.

చరిత్రకారులు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోరు. హేరోదు గురించి ఎక్కువ రాసింది ఒకటో శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్. ఆయన ఈ పిల్లల హత్య గురించి ఒక్క ముక్క రాయలేదు. మత్తయి తప్ప మిగతా మూడు సువార్తల్లోనూ లేదు. అందుకే చాలామంది పండితులు దీన్ని మోషే కథ నీడలో అల్లిన కథనంగా చూస్తారు. అయితే అదే జోసీఫస్ రాసిన హేరోదు ఎట్లాంటివాడు? భార్య మరియమ్నెను చంపించాడు. క్రీ.పూ. 7లో ఇద్దరు కొడుకుల్ని, తాను చనిపోవడానికి ఐదు రోజుల ముందు మరో కొడుకుని చంపించాడు. తన చావుకు ఎవరూ ఏడవరని తెలిసి, దేశంలోని పెద్దమనుషుల్ని యెరికోలో ఒకచోట బంధించి, తన ఊపిరి పోగానే వాళ్లను చంపమన్నాడట, అట్లాగైనా దేశమంతా ఏడుస్తుందని. ఆ ఆజ్ఞను ఎవరూ అమలు చేయలేదు. అట్లాంటివాడు ఒక చిన్న ఊళ్లో పిల్లల్ని చంపించడం నమ్మలేని సంగతేమీ కాదు.

ఎంతమంది అనే ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. తూర్పు సంఘాల ప్రార్థనల్లో 14 వేల మంది అని ఉంటుంది. కొన్ని మధ్యయుగపు లెక్కలు లక్షా 44 వేల దాకా పోయాయి. కానీ అప్పటి బేత్లెహేము మహా అయితే వెయ్యి గడపదాటని ఊరు. గడప అన్నాను గానీ, మనుషులే వెయ్యి లోపు. ఈ రోజు పండితులు వేసే అంచనా ఇరవై మంది, లేదా అంతకంటే తక్కువ. అంత జనాభా ఉన్న మన పల్లెలో అంగన్‌వాడీ రిజిస్టర్ తెరిచి, రెండేళ్లలోపు మగపిల్లల పేర్లు వేలుపెట్టి లెక్కపెడితే సుమారు అంతే వస్తారు. ఒక్క పేజీ నిండదు. రాజుల చరిత్ర రాసేవాళ్ల కంటికి ఆ ఒక్క పేజీ ఆనకపోవడంలో వింత లేదు. ఇరవై అని రాస్తే ఎవరూ చలించరేమో అని తర్వాతివాళ్లు దాన్ని వేలు చేశారు. నాకు ఆ వేల కంటే ఈ ఇరవైయే బరువుగా ఉంటుంది, ఎందుకంటే ఇరవై ఇళ్లను మనం ఊహించుకోగలం.

ఒక్క ఇంటికే ఎందుకు కల వచ్చింది?

విశ్వాసులను ఎక్కువ బాధపెట్టే ప్రశ్న ఇది. దేవదూత యోసేపుకు చెప్పాడు. పక్కింటి వాళ్లకు ఎందుకు చెప్పలేదు? దీనికి చాలా ప్రసంగాల్లో వినబడే జవాబు "అది దేవుని ప్రణాళిక, ఆ బిడ్డలు పరలోకంలో ఉన్నారు" అని. నేను అది ఒప్పుకోలేను. మత్తయి కూడా ఒప్పుకోలేదని నాకు అనిపిస్తుంది. దానికి రెండు ఆధారాలు ఉన్నాయి, రెండూ ఆయన వాడిన మాటల్లోనే.

యేసు పుట్టుక కథలో మత్తయి ప్రతి సంఘటనకూ పాత ప్రవచనం ఒకటి జత చేస్తాడు. మామూలుగా ఆయన రాసే తీరు "ప్రవక్త చెప్పింది నెరవేరేటట్లు ఇది జరిగింది" అని. అంటే దాని వెనుక దేవుడి ఉద్దేశం ఉందని. పిల్లల హత్య దగ్గరికి వచ్చేసరికి ఆ 'నెరవేరేటట్లు' అనే గ్రీకు మాటను ఆయన పక్కన పెట్టాడు. "అప్పుడు నెరవేరింది" అని మాత్రమే రాశాడు. సువార్త మొత్తంలో ఆయన ఇట్లా రాసింది రెండు చోట్లే. ఇది ఒకటి, యేసును పట్టిచ్చిన శిష్యుడు యూదా తీసుకున్న ముప్పై వెండి నాణేల దగ్గర రెండోది. పసివాళ్ల చావునూ, నమ్మకద్రోహపు సొమ్మునూ దేవుడి లెక్కలో వేయడానికి ఆయన చెయ్యి రాలేదు.

రెండోది ఆయన ఎత్తి రాసిన ప్రవచనం. యిర్మీయా గ్రంథం 31వ అధ్యాయంలోది. ఇశ్రాయేలు జనం తమ తల్లిగా తలుచుకునే రాహేలు రామాలో పిల్లల కోసం ఏడుస్తుంది. బబులోనుకు చెరపట్టుకుపోయే జనాన్ని పోగుచేసిన చోటు రామా. రాహేలు సమాధి బేత్లెహేము దగ్గరిదని చెబుతారు. యిర్మీయాలో దాని తర్వాతి వచనంలోనే దేవుడు ఆమెను ఓదారుస్తాడు, ఏడవకు, నీ పిల్లలు తిరిగి వస్తారు అంటాడు. మత్తయికి ఆ వచనం తెలుసు. అయినా దాన్ని ఎత్తి రాయలేదు. పిల్లలు లేరు, తల్లి ఓదార్పు పుచ్చుకోలేదు అన్న చోటే ఆపేశాడు. బేత్లెహేము తల్లులకు ఆ పిల్లలు తిరిగి రారు మరి.

మన పాత తెలుగు బైబిల్లో ఆ చివరి మాట "ఓదార్పు పొందనొల్లక యుండెను" అని ఉంటుంది. కోస్తా వాళ్లకు 'ఒల్లక' పాత పుస్తకాల మాట కావచ్చు. మా వైపు అది ఇంట్లో మాట. పిల్లవాడు అన్నం వద్దంటే "నేనొల్ల" అంటాడు. ఆ మాట నేను మొదట మా నాయనమ్మ నోట విన్నాను.

మా ఊరు పరకాల వైపు. 1948 వానాకాలంలో రజాకార్లు వస్తున్నారని కబురొచ్చి ఊరంతా చేలల్లోకి పరుగెత్తింది. నాయనమ్మకు అప్పుడు ఇరవై ఏళ్లు. మా నాయన ఇంకా పుట్టలేదు. ఆయన కంటే ముందు పుట్టినవాడు, పద్నాలుగు నెలల బిడ్డ, ఆమె చంకలో ఉన్నాడు. రెండు రాత్రులు మక్కచేనులో వానకు తడుస్తూ కూర్చున్నారు. బిడ్డ ఏడిస్తే గుట్టు బయటపడుతుందని ఆమె కొంగు వాడి నోటికి అడ్డం పెట్టింది. తాగింది వాగునీళ్లు. మూడో రోజు ఇంటికి వచ్చేసరికి బిడ్డకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఐదు రోజులకు పోయాడు. ఆ వారం ఊరి మీదికి ఎవరూ రానే లేదు.

మా ఊళ్లో చావుకు ఆడవాళ్లు శోకం పెట్టి ఏడుస్తారు. పోయినవాళ్ల బతుకంతా రాగం తీసి చెబుతూ, వాళ్లనే నిలదీస్తూ, దేవుణ్ణి నిలదీస్తూ ఏడుస్తారు. నాయనమ్మను అట్లా ఏడవనివ్వలేదట. చంటిపిల్లగానికి శోకమేంది, వయసులో ఉన్నవు, ఇంకోడు పుడుతడు అన్నారట పెద్దలు. "నేనొల్ల అన్న" అనేది ఆమె ఆ సంగతి చెప్పినప్పుడల్లా. "ఇంకోణ్ని ఒల్ల, మీ మాటలు ఒల్ల, వాడు గావాలె అన్న." చెబుతుంటే ఆమె చెయ్యి ఆమెకు తెలియకుండానే తన నోటి మీదికి పోయేది. తర్వాత ఐదుగురు పుట్టారు, అందరినీ పెంచింది. వాడి ముంజేతి వెండి కడియం మాత్రం పెట్టె అడుగున చివరి దాకా ఉంది. రెండు వేళ్లు పడితే మూడో వేలు పట్టదు.

రాహేలు గురించి ఎన్ని వ్యాఖ్యానాలు చదివినా నాకు అర్థమయ్యింది ఆ ఒక్క మాటతోనే. ఓదార్పు ఒల్లననడం అవిశ్వాసం కాదు. బిడ్డ లోటును ఇంకోదానితో పూడ్చడానికి ఒప్పుకోకపోవడం. ఈ పండుగ ఆ తల్లి పక్షాన ఉంటుంది. క్రిస్మస్ పాటల మధ్య ఆమె ఏడుపును తెచ్చి కూర్చోబెట్టి, మీ పాట ఆపాల్సిన పని లేదు గానీ ఈమెను నోరు మూసుకోమనొద్దు అంటుంది. ఆ రోజు గుడిలో అక్కకు చెప్పాల్సిన జవాబు ఇదే అనుకుంటాను.

ఒక చందా నుంచి ఒక చట్టం దాకా

ఏడుపుకే అయితే ఈ రోజు గురించి ఇంత రాయక్కర్లేదు. నూరేళ్లకు పైగా కింద ఈ పండుగ రోజే ఒక పెద్ద పని జరిగింది. అది మన చర్చిల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకులు 1918 నవంబర్ 11న ఆగాయి. కానీ జర్మనీ, ఆస్ట్రియాల మీద మిత్రరాజ్యాలు పెట్టిన సముద్ర దిగ్బంధం ఆ తర్వాతా నెలల తరబడి సాగింది. తిండి ఓడలు పోనివ్వలేదు. వియన్నాలో పిల్లలు ఎముకలు తేలి, కాళ్లు వంకరపోయి ఉన్నారు. 1919లో లండన్‌లో ఎగ్లాంటైన్ జెబ్ అనే ఆవిడ ఆకలితో ఉన్న ఆస్ట్రియా పిల్లల ఫొటోతో కరపత్రాలు పంచింది. శత్రుదేశపు పిల్లలు! ఆమెను అరెస్టు చేసి కోర్టులో ఐదు పౌండ్ల జరిమానా వేశారు. ఆ జరిమానా డబ్బులు ఆమెకు వ్యతిరేకంగా వాదించిన ప్రభుత్వ న్యాయవాదే తన జేబులోంచి ఇచ్చాడు. ఆ ఏడాదే ఆమె, ఆమె చెల్లెలు డొరతీ బక్స్‌టన్ కలిసి 'సేవ్ ది చిల్డ్రన్' మొదలుపెట్టారు.

అప్పటి పోపు 15వ బెనెడిక్ట్ 1919 నవంబర్ 24న ప్రపంచంలోని బిషప్పులందరికీ లేఖ రాశారు. రాబోయే డిసెంబర్ 28న, నిర్దోష శిశువుల పండుగ నాడు, ప్రతి గుడిలో మధ్య ఐరోపా పిల్లల కోసం ప్రార్థించి, డబ్బు, తిండి, బట్టలు పోగుచేయమని. చందా పోయింది ఓడిపోయిన పక్షం పిల్లలకు. మరుసటి ఏడాది ఇంకో లేఖ రాసి, జెబ్ సంస్థను పేరుపెట్టి మెచ్చుకున్నారు. ఆమె ఆంగ్లికన్, ఆయన పోపు. అప్పట్లో ఈ రెండు సంఘాలు కలిసి ప్రార్థన కూడా చేయని రోజులు.

జెబ్ అక్కడితో ఆగలేదు. చందాలు ఒక ఏడాది వస్తాయి, మరో ఏడాది రావు, పిల్లలకు హక్కు ఉంటే ఎవరి దయతోనూ పని ఉండదు అన్నది ఆమె ఆలోచన. ఐదే ఐదు అంశాలతో ఒక ప్రకటన తయారుచేసింది. కష్టకాలంలో సాయం ముందు పిల్లలకే అందాలి అన్నది అందులో ఒకటి. 1924లో నానాజాతి సమితి (ఐక్యరాజ్య సమితికి ముందున్న సంస్థ) దాన్ని ఆమోదించింది. యుద్ధంలో పౌరుల రక్షణ కోసం చేసుకున్న 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందంలో, దిగ్బంధం ఉన్నా 15 ఏళ్లలోపు పిల్లల తిండికి, బట్టలకు దారి ఇవ్వాలన్న నిబంధన చేరింది. 1989లో బాలల హక్కుల ఒప్పందం వచ్చింది. మన దేశం 1992లో అందులో చేరింది. మన అంగన్‌వాడీ గోడల మీద బాలల హక్కులని రాసి ఉండే నాలుగు మాటల తాడు పట్టుకుని వెనక్కి పోతే, వియన్నా పిల్లల ఫొటో దాకా, ఆ డిసెంబర్ చందా దాకా చేరతాం.

ఎవరు లెక్కలోకి వస్తారు?

ఇప్పుడు లెక్కల సంగతి. 2005లో భద్రతా మండలి ఒక తీర్మానం చేసింది, 1612 దాని నంబరు. యుద్ధంలో పిల్లల మీద జరిగే ఆరు రకాల తీవ్ర నేరాలను ఐక్యరాజ్య సమితి లెక్కించి ఏటా చెప్పాలి. చంపడం, అవిటివాళ్లను చేయడం ఒకటి. సైన్యంలోకో దళంలోకో చేర్చుకోవడం, లైంగిక హింస, ఎత్తుకుపోవడం, బడులూ ఆసుపత్రుల మీద దాడులు మిగతావి. ఆరోది సాయం అందకుండా అడ్డుకోవడం. అది జెబ్ పోరాడిన విషయమే, ఎనభై ఏళ్ల తర్వాత నేరాల పట్టికలోకి ఎక్కింది.

2025 జూన్‌లో వచ్చిన నివేదిక ప్రకారం 2024లో నిర్ధారించిన ఘటనలు 41,370. అంతకు ముందు ఏడాది కంటే 25 శాతం ఎక్కువ, లెక్కించడం మొదలయ్యాక ఇదే అత్యధికం. చనిపోయినవాళ్లు, అవిటివాళ్లయినవాళ్లు కలిసి దాదాపు 12 వేల మంది పిల్లలు.

ఈ సంఖ్య దగ్గర ఒక మాట అర్థం చేసుకోవాలి. నిర్ధారించినవి అంటే జరిగినవన్నీ కాదు. ఒక ఘటన పట్టికలోకి ఎక్కాలంటే సాక్షులు దొరకాలి, వాళ్లను కలవగలగాలి, వేర్వేరు చోట్ల విన్నది సరిపోలాలి. బాంబులు పడుతున్న చోటికి లెక్క రాసేవాళ్లు పోలేరు. యుద్ధం ఎంత ముదిరితే లెక్క అంత వెనకబడుతుంది. కాబట్టి ఆ సంఖ్యను నేల అనుకోవాలి, కప్పు కాదు.

ఆ నేల కింద ఇంకొందరు ఉన్నారు. యుద్ధం పిల్లల్ని ఎక్కువగా చంపేది తుపాకీతో కాదు. గాయాల సంగతే తీసుకుంటే, ఏడాది బిడ్డ ఒంట్లో ఉండే రక్తం ముప్పావు లీటరు. పెద్దవాళ్లు తట్టుకునే నెత్తురు పోతే ఆ బిడ్డ బతకదు. కానీ దానికంటే ఎక్కువమంది పోయేది నీళ్లు పాడై, టీకాలు ఆగి, తల్లి పాలు ఎండిపోయి. 2024 ఆగస్టులో గాజాలో పది నెలల బిడ్డకు పోలియో వచ్చింది. పాతికేళ్లుగా అక్కడ లేని జబ్బు. చుక్కల మందు వేయడానికి సెప్టెంబర్‌లో రోజుకు కొన్ని గంటలు, ప్రాంతాలవారీగా కాల్పులు ఆపారు. అంటే ఆపాలనుకుంటే ఆపొచ్చన్నమాట! ఆ ఏడాది అదే ఆగస్టులో సూడాన్‌లోని జమ్‌జమ్ శిబిరంలో కరువు ఉందని నిర్ధారించారు. ఇట్లాంటి చోట విరేచనాలతో పోయిన బిడ్డను ఎవరు యుద్ధం ఖాతాలో రాస్తారు? మా నాయనమ్మ కొడుకును ఎవరు రాశారు? వాడి మీద ఎవరూ తుపాకీ పేల్చలేదు.

ఎవరి పిల్లలు అని అడిగేవాళ్లు ఉంటారు. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో చనిపోయిన, బందీలుగా పోయిన ఇజ్రాయెలీ పిల్లలు ఉన్నారు. ఆ తర్వాత గాజాలో శిథిలాల కింద పోయిన వేల మంది పాలస్తీనా పిల్లలు ఉన్నారు. 2025 మేలో సరిహద్దు అవతలి నుంచి పడ్డ షెల్స్‌కు మన పూంచ్‌లో చనిపోయిన పిల్లలు ఉన్నారు. ఒకరి పేరెత్తితే ఇంకొకరిని మరిచినట్టు కొట్లాడుకునే కాలం ఇది. బేత్లెహేము పిల్లలు క్రైస్తవులు కారు. సంఘం వాళ్లను తనవాళ్లు అనుకోవడానికి వాళ్ల పక్షం ఏదని చూడలేదు. 2023 క్రిస్మస్‌కు ఆ బేత్లెహేములోనే లూథరన్ చర్చి వాళ్లు పశువుల పాకకు బదులు కాంక్రీటు పెళ్లల కుప్ప పోసి, దాని నడుమ బాలయేసు బొమ్మను పడుకోబెట్టారు.

ఐగుప్తు ఎంత దూరం?

యుద్ధం అంటే మనకు టీవీలో కనబడేది. కానీ వరంగల్ నుంచి గట్టిగా మూడు గంటల దూరంలో, ములుగు, భూపాలపల్లి అడవుల్లో, యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ల పిల్లలు పెరుగుతున్నారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం, అంటే ప్రభుత్వ అండతో మావోయిస్టుల మీదికి నడిపిన సాయుధ దళాలు, మొదలయ్యాక ఊళ్లు తగలబడ్డాయి. ఇటు మావోయిస్టులు, అటు సల్వా జుడుం, నడుమ ఆదివాసీలు. మైనర్లను రెండు పక్షాలూ వాడుకున్నాయని మానవ హక్కుల సంస్థలు నివేదికలు రాశాయి. బళ్లను మావోయిస్టులు పేల్చారు, మిగిలిన బళ్లలో భద్రతా బలగాలు మకాం పెట్టాయి. బళ్లు ఖాళీ చేయమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2011 జూలై 5న సల్వా జుడుం రాజ్యాంగ విరుద్ధమని అదే కోర్టు తీర్పిచ్చింది. అప్పటికి వేల మంది గోదావరి దాటి ఇటు వచ్చేశారు. వాళ్లనే మనం గొత్తికోయలు అంటాం. మిర్చి ఏరే రోజుల్లో చేలల్లో కనబడతారు. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే ఎర్ర బస్తాల్లో వాళ్ల చేతి పని ఎంతో ఉంటుంది.

అటు వైపు ఎస్టీలైన వీళ్లకు ఇక్కడ ఆ గుర్తింపు లేదు. పోడు పట్టా రాదు. గుడిసె అడవిలో ఉంటే అది ఆక్రమణ. అటు పుట్టిన పిల్లలకు పుట్టిన సర్టిఫికెట్ ఉండదు, ఇక్కడ పుట్టినవాళ్లకు కుల సర్టిఫికెట్ రాదు. బడికి పోతే పంతులు మాట తెలుగు, ఇంట్లో మాట కోయ.

పోయిన మిర్చి సీజన్‌లో మా గుడి వాళ్లతో కలిసి ములుగు వైపు ఒక గొత్తికోయ గూడేనికి దుప్పట్లు పంచడానికి పోయాను. ఐదారు కిలోమీటర్ల అవతలి ఊరి నుంచి అంగన్‌వాడీ టీచర్ కూడా బాలామృతం ప్యాకెట్లు మోసుకుని వచ్చింది. ఆమె దగ్గర పిల్లల దండచెయ్యి చుట్టూ కొలిచే టేపు ఉంది, సన్నగా రిబ్బన్ లాగా, మూడు రంగులతో. పన్నెండున్నర సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ. పదకొండున్నర కంటే తగ్గితే ఎరుపు, అంటే బిడ్డ ప్రాణానికి ముప్పు ఉన్నట్టు. సూడాన్‌లో, యెమెన్‌లో కొలిచేదీ ఇట్లాంటి టేపుతోనే. ఒక తల్లి రెండేళ్ల పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. టీచర్ టేపు చుట్టి, మెల్లగా బిగించింది. గీత ఎరుపు మీద ఆగింది. టీచర్ ఏమీ అనకుండా ఇంకోసారి కొలిచింది. మళ్లీ అక్కడే. తీసిన టేపు ఆమె వేళ్ల మధ్య సున్నాలా చుట్టుకుని ఉంది. మా నాయనమ్మ పెట్టెలోని కడియం సరిగ్గా అంతే. అది ముంజేతికి పెట్టే కడియం. ఈ పిల్లకు దండచేతికి పట్టేటట్టు ఉంది.

పిల్లను ములుగులో పౌష్టికాహార వార్డులో చేర్పించాలని టీచర్ చెప్పింది. తల్లికి తెలుగు సరిగా రాదు, పద్నాలుగు రోజులు ఉండాలంటే కూలి పోతుంది, ఇంట్లో ఇంకో ఇద్దరు. గూడెం పెద్దమనిషి రెండు మాటల మధ్య నిలబడి చాలాసేపు చెప్పాడు. చివరికి ఆ తల్లి ఒప్పుకుంది. మా బండిలోనే తీసుకెళ్లాం. దారి పొడుగునా ఆమె పిల్ల చేతిని వదల్లేదు. యోసేపు, మరియమ్మ ఐగుప్తులో ఎవరి ఊళ్లో దిగారో, వాళ్ల మాట ఎవరు అర్థం చేసుకున్నారో, బిడ్డకు జ్వరమొస్తే ఎవరి ఇంటి తలుపు కొట్టారో సువార్త చెప్పదు. ఎవరో ఒకరు తలుపు తీసే ఉంటారు.

2025లో డిసెంబర్ 28 ఆదివారం పడింది. క్రిస్మస్ తర్వాతి ఆదివారం తిరుకుటుంబ పండుగ, అంటే యేసు, మరియమ్మ, యోసేపుల కుటుంబాన్ని తలుచుకునే రోజు, కాబట్టి ఆ ఏడాది శిశువుల పండుగ లేకుండా పోయింది. గుడి కిటకిటలాడింది. కుటుంబాలు కుటుంబాలుగా కొత్త బట్టల్లో వచ్చారు. ఆ రోజు సువార్త కూడా మత్తయి రెండో అధ్యాయమే. 13 నుంచి 15 దాకా చదివి, నేరుగా 19కి పోయారు. కతోలిక పఠనాల పట్టికలో ఆ ఆదివారానికి ఉన్నదే అంత. యోసేపు ఐగుప్తుకు పోవడం ఉంది, తిరిగి రావడం ఉంది. నడుమ మూడు వచనాలు, పిల్లల్ని చంపడం, రాహేలు ఏడుపు, లేవు.

నాకు అది ముందే తెలుసు. అందుకే ముందు రోజే గుడి ఆఫీసుకు పోయి పూజ ప్రార్థనల చీటీ ఒకటి ఇచ్చాను. అక్కడి బ్రదర్ "పేరు?" అని అడిగాడు. నాయనమ్మ వాణ్ని చిన్నోడు అనే పిలిచింది, పేరు పెట్టే తతంగం జరగకముందే ఊరు పరుగెత్తింది. చీటీ మీద అదే రాశాను. పోయినవాళ్ల కోసం చేసే ప్రార్థనలో ఫాదర్ వరుసగా పేర్లు చదువుతూ దాని దగ్గరికి వచ్చి, ఒక క్షణం ఆగి, చదివారు: "చిన్నోడు. 1948."

నా ముందు వరుసలో కూర్చున్న ఆ అక్క వెనక్కి తిరిగింది. "ఎవలు తమ్మీ చిన్నోడు?"

"మా పెద్దనాయిన" అన్నాను.